బూరెకి పెట్టకూడని ముద్ద

పోయినవారం మనం మాధురిని పెరట్లో కోళ్ళగూడు పక్కన, కుక్కపిల్ల మూతి రెండు చేతులా పట్టుకుని కూర్చుని ఉండగా వదిలేసి వచ్చాం. ఆ మూతికి పచ్చగా ఏదో అంటుకుని ఉంది. వేలితో తీసి వాసన చూసింది. ఉడికిన కోడిగుడ్డు సొన.

ముందు భాగాలు చదవనివాళ్ళు కంగారు పడనక్కర్లేదు. ఆ కుక్కపిల్ల పేరు బూరె. గుండ్రంగా, దోరగా వేగిన రంగులో ఉందని నాలుగేళ్ళ హారిక పెట్టిన పేరది. కార్తీకమాసంలో ఇంటికొచ్చినప్పుడు నిగనిగలాడుతుండేది. పుష్యమాసానికల్లా పొట్ట కింద ఎర్రటి పొక్కులు, చెవుల వెనక రసి కారే పుండ్లు, వెనక కాళ్ళ మీద బొచ్చు ఊడిపోయి తోలు కనిపించడం మొదలైంది. రోజంతా గోక్కోవడమే దాని పని. చూసినవాళ్ళందరూ వైద్యులైపోయారు. ఒకరు వేపనూనె అన్నారు, ఒకరు గంధకం అన్నారు, ట్రాక్టరు డ్రైవరు పాత ఇంజను ఆయిలు పూయమన్నాడు. ఇంకో మహానుభావుడు పత్తికి కొట్టే పురుగుమందు ఒక్క చెంచా నీళ్ళలో కలిపి స్నానం చేయించమన్నాడు. అవేవీ వినకుండా మాధురి దాన్ని గోనెసంచిలో పెట్టుకుని, బస్సెక్కి, చిలకలూరిపేటలో పశువుల డాక్టరు క్రిస్టీనా దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ బ్లేడుతో చర్మం గీకి, మైక్రోస్కోపు అద్దంలో పెట్టి చూసి, ఇది గజ్జి కాదంది. తిండి పడటం లేదంది. గుడ్డు, పాలు, కోడిమాంసం అన్నీ మానేసి ఆరు వారాలపాటు ఉత్త అన్నం, ఉప్పు వెయ్యకుండా ఉడికించిన చేప మాత్రమే పెట్టమంది. మధ్యలో ఒక్క ముద్ద వేరేది తిన్నా చేసిందంతా గంగలో పోసినట్టేనని మరీ మరీ చెప్పింది.

మాధురి భర్త త్రినాథ్‌ది ఇంకో వైద్యం. "పసిపిల్ల తిరిగే ఇంట్లో పుండ్ల కుక్కేంటి? మిరపకాయలు అమ్మేలోపు అది బాగుపడిందా సరి. లేకపోతే ఒంగోలు పోయే పత్తి లారీలో వేసి, దోవలో ఎక్కడో అక్కడ దింపెయ్యమంటా," అన్నాడు. అన్నమాట మీద నిలబడే మనిషి. పెళ్ళయి ఆ ఇంటికొచ్చాక మాధురి నోరు తెరిచి అడిగి తెచ్చుకున్నది ఆ కుక్కపిల్ల ఒక్కటే. ఇల్లు ఊరికి ఎడంగా, మిరపచేల మధ్యలో ఉంటుంది. హారికకి ఆడుకోవడానికి మరో పిల్ల లేదు.

ఇదీ సంగతి. చెరువు చేపలు తెప్పించి, ముళ్ళు ఏరి, తన అన్నం చల్లారిపోతున్నా ముందు బూరెకి పెడుతున్న మాధురికి, దాని మూతి మీద గుడ్డు సొన కనిపిస్తే ఒళ్ళు మండదూ మరి?

మర్నాడు మధ్యాహ్నం హారికని పడుకోబెట్టి, తనూ పక్కనే వాలి కళ్ళు మూసుకుంది. నిద్ర పోలేదు. ఎవరైనా పెరటి తలుపు తీస్తే కిర్రుమంటుంది, అప్పుడు లేచి పట్టుకోవచ్చని ఆమె ఉపాయం. తలుపు కిర్రుమనలేదు. గదిలోకే ఎవరో వచ్చారు. మాధురి కళ్ళు కాస్త తెరిచి చూసింది.

అత్తగారు బసవమ్మ. ఎడమ చేతిలో పళ్ళెం, కుడి చేతిలో నిమ్మకాయంత అన్నం ముద్ద. నిద్రపోతున్న మనవరాలి మీదికి వంగి, ఆ ముద్దని తల దగ్గర్నుంచి పాదాల దాకా మూడుసార్లు తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, నా దిష్టి, మీ అమ్మ దిష్టి..." పెదవులు కదిలాయే గాని గొంతు బయటికి రాలేదు. తరవాత వెనక్కి తిరగకుండా, అలాగే వెనకడుగులు వేసుకుంటూ గది దాటింది.

మాధురి చప్పుడు కాకుండా వెనకాలే వెళ్ళింది. కోళ్ళగూడు వెనక బసవమ్మ గొంతుక్కూర్చుని ఉంది. బూరె తోక ఊపుకుంటూ ఆమె అరచేతిలోంచి తింటోంది. గుడ్డు సొన మెదిపి కలిపిన పసుపన్నం.

"అత్తయ్యా!"

బసవమ్మ ఉలిక్కిపడలేదు. ముద్ద పూర్తిగా తిననిచ్చి, చెంబులో నీళ్ళతో చెయ్యి కడుక్కుని, అప్పుడు తలెత్తింది.

"ఏంటత్తయ్యా మీరు చేసిన పని?"

"చూశావుగా. మళ్ళీ అడుగుతావేంది?"

"గుడ్డు పెట్టొద్దని డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. నేను చేపముళ్ళు ఏరుకుంటూ కూర్చుంటే మీరు వెనకనుంచి ఈ పని చేస్తారా?"

"గుడ్డు దానికోసం కలపలా. పిల్లకి తీసిన ముద్ద అది. తీసింది కుక్కకి పెట్టక నీకు పెట్టనా?"

ఇంకో రోజైతే మాధురి నవ్వేదే. ఆ రోజు నవ్వు రాలేదు. "హారికకి ఏమైందని దిష్టి? బాగానే ఉందిగా!"

"బాగుంది కాబట్టే తీస్తన్నా. పోయినేడు ఈపాటికి ఎట్టా ఉంది? మోచేతుల మడతలో రక్తాలు కారేట్టు గోక్కునేది. రాత్రిళ్ళు దాని చేతులకి గుడ్డలు కట్టి పడుకోబెట్టలా నువ్వు? ఇప్పుడు చూడు, మచ్చ కూడా లేదు."

"ఆయింట్‌మెంట్ రాశానత్తయ్యా. అందుకు తగ్గింది."

"రెండేళ్ళు రాశావు. తగ్గిందా?"

"గుంటూరు డాక్టరు కార్తీకంలో మందు మార్చాడు."

"బూరె కూడా కార్తీకంలోనే వచ్చింది."

బసవమ్మ కుక్కపిల్ల ముందుకాలు పట్టుకుని పైకెత్తి, మడత విప్పి చూపించింది. అక్కడ తోలు ఎర్రగా, తడిగా పుండుపడి ఉంది.

"పిల్లకి ఎక్కడ తగ్గిందో దీనికి అక్కడే లేచింది. నా కళ్ళ ముందే పోతా ఉంది అమ్మాయ్, ఇందులోంచి అందులోకి. మీ డాక్టరమ్మ అద్దంలో ఇది కనపడదు."

"అది గుడ్డు పడక వచ్చింది. మీరు గుడ్డు పెడుతున్నారు కాబట్టి తగ్గటం లేదు. అంతే!"

"నువ్వట్టా అనుకో."

"అసలు బూరె ఈ ఇంట్లో ఉండాలా, పోవాలా? అదైనా చెప్పండి!"

"ఉండాలి," అంది బసవమ్మ. "పుండ్లతో ఉండాలి."

బసవమ్మని గయ్యాళి అత్తగారనుకుంటే పాఠకులు పొరబడ్డట్టే. కోడలికి జ్వరమొస్తే రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ మార్చిన మనిషి. బూరెని కూడా ముద్దు చేస్తుంది. పుండ్ల మీద ఈగలు వాలకుండా చీర కొంగుతో విసురుతుంది. ఆ కొంగుతోనే విసురుతూ, ఆ పుండ్లు మానకూడదని కోరుకుంటోంది.

ఆ ఇంట్లో దేవుడి గది లేదు. పోయిన మామగారు బుల్లయ్య కమ్యూనిస్టు పార్టీ మనిషి. తాయెత్తులు, దిష్టితాళ్ళు, నిమ్మకాయలు ఏవీ గుమ్మంలోకి రానిచ్చేవాడు కాదు. దేవుణ్ణి నమ్మాడో లేదో గాని, తను చెప్పింది పెళ్ళాం వినాలని మాత్రం గట్టిగా నమ్మినవాడు. త్రినాథ్‌కి తండ్రి పొలాలతో పాటు ఆ పెత్తనమూ వచ్చింది. అందుకే బసవమ్మ దిష్టి కోళ్ళగూడు వెనక్కి చేరింది.

"త్రినాథ్ కంటే ముందు నాకో ఆడపిల్ల పుట్టింది. నీకు ఎవరూ చెప్పి ఉండరు," అంది బసవమ్మ, గూటి గోడకి ఆనుకుంటూ. "ఏడాది పిల్ల. డబ్బా రోగం వచ్చి, ఊపిరాడక డొక్కలెగరేసింది. దిష్టి తీస్తానయ్యా, ఒక్క ముద్ద తీసి పడేస్తానని కాళ్ళు పట్టుకున్నా. మీ మామ తియ్యనీయలా. సూదులేయించాడు, మందులు పోయించాడు, ఏం తక్కువ చెయ్యలా ఆయన. పిల్ల నా ఒళ్ళోనే పోయింది. తీస్తే బతికేదని నేననను. తియ్యలేదే అని మాత్రం ఇప్పటికీ అన్నం దిగదు నాకు."

మాధురికి ఏడుపొచ్చింది. కోపం ఎటు పోయిందో తెలియలేదు. కోపం పోతే చేతిలో ఇంకేం మిగల్లేదు. మొగుడికి చెబితే తల్లినీ కుక్కనీ ఒక్క దెబ్బతో తీసేస్తాడు. తల్లి మీద ఇంటి కప్పు ఎగిరిపోయేట్టు అరుస్తాడు, కుక్కని అదే రోజు లారీ ఎక్కిస్తాడు. చెప్పకపోతే బూరెకి రోజూ గుడ్డు పడుతుంది, పుండ్లు మానవు, ఎలాగూ లారీ ఎక్కుతుంది. ఇటు చూసినా గోడే, అటు చూసినా గోడే.

"అత్తయ్యా, నా కోసం మానెయ్యండి. మిరపకాయలు అమ్మేదాకా. బతిమాలుకుంటున్నాను."

బసవమ్మ బూరె చెవులు నిమిరింది. "మానేస్తా. పిల్లకి మళ్ళీ వస్తే?"

"రాదు."

"వస్తే?"

"రాదన్నానుగా!"

"వస్తే ఏం చేస్తావో అది చెప్పు."

"వస్తే నేనే తీస్తాను. నా చేత్తో నేనే తీసి దీనికి పెడతాను. సరేనా?"

రాదన్న ధీమాతో నోరు జారిందే గాని, ఆ మాటకి ఒక రోజు బదులు చెప్పుకోవాల్సి వస్తుందని మాధురి అనుకోలేదు. బసవమ్మ "సరే" అని లేచి, పళ్ళెం తోముకోవడానికి వెళ్ళిపోయింది.

ముసలామె మాట తప్పలేదు. తప్పకపోవడమే కాదు, కాపలా కూడా కాసింది. మిరపకాయలు కోసే కూలీలు భోజనాల దగ్గర ఎముక విసిరితే, బూరె కంటే ముందు తనే పరిగెత్తి తీసి అవతల పారేసేది. ఇంత నిజాయితీ మాధురికి ఊరట ఇవ్వాల్సింది పోయి గుండెల్లో గుబులు పెంచింది. అత్తగారు పంతానికి కాక, ఏదో తేల్చుకోవడానికి కనిపెట్టుకుని ఉన్నట్టుంది.

బూరె తేరుకుంది. ముందు గోకుడు తగ్గింది. తరవాత చెవుల వెనక పుండ్లు పెచ్చు కట్టి రాలిపోయాయి. బోసిగా ఉన్న కాళ్ళ మీద మెత్తగా కొత్త బొచ్చు మొలిచింది. చిలకలూరిపేట తీసుకెళ్తే డాక్టర్ క్రిస్టీనా దాన్ని బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి, పొట్టంతా తడిమి, మురిసిపోయింది.

"ముందు మానలేదంటే ఇంట్లో ఎవరో ఏదో పెట్టి ఉంటారు. దొరికారా మరి?"

"దొరికారండీ," అంది మాధురి.

"ఎవరు?"

"మా ఇంట్లోవాళ్ళేనండీ." అంతకంటే చెప్పలేకపోయింది.

త్రినాథ్ కూడా ఒకసారి బూరెని ఎగాదిగా చూసి, "ఫర్వాలేదే, ఇప్పుడు కుక్కలా ఉంది," అన్నాడు. అతని నోట్లోంచి అంత మెచ్చుకోలు రావడం అరుదు. ఆ పూట మాధురి ఆనందంతో కూర ఉప్పగా చేసినా ఎవరూ ఏమీ అనలేదు.

సరిగ్గా అప్పుడే కళ్ళం నిండింది. కోసిన మిరపకాయలు ఇంటి పక్కన ఖాళీ చేనంతా పరిచారు. పగలంతా ఎండ, కాయలు తిరగేసే చప్పుడు, ఘాటు. తలుపులు వేసినా లోపలికి వస్తుంది, మంచినీళ్ళలో కూడా ఉన్నట్టుంటుంది. ఆ వారంలోనే ఒక సాయంత్రం, స్నానం చేయిస్తుంటే హారిక మోచేతి మడతలో చిన్న ఎర్రటి మచ్చ కనిపించింది మాధురికి.

దోమ కుట్టిందనుకుంది. ఆయింట్‌మెంట్ రాసింది. మూడోనాటికి రెండో చేతికీ లేచింది. పిల్ల నిద్రలో గోక్కోవడం మొదలుపెట్టింది.

మాధురి ఊళ్ళో ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి గుంటూరు డాక్టరుకి ఫోన్ చేసింది. ఇంట్లో ఫోనుంది, కానీ అది హాల్లో, అత్తగారి మంచం పక్కన ఉంది. డాక్టరు అడగాల్సినవన్నీ అడిగి, "మిరపకాయల దుమ్మమ్మా. ఆ చర్మానికి అది పడదు. కాయలు ఎత్తేదాకా పిల్లని వేరేచోట ఉంచండి," అన్నాడు. గుండె మీదనుంచి బండ దించినట్టయింది. దుమ్ము! దిష్టీ కాదు, బూరే కాదు. ఆ రాత్రి భోజనాల దగ్గర పొన్నూరులో పుట్టింటికి వెళ్ళొస్తానని మెల్లిగా కదిపింది.

"ఇప్పుడా? అరవైమంది కూలీలకి ఎవరు వండుతారు, మా అమ్మా? కాయలు గుంటూరు మిర్చియార్డుకి చేరాక నెల రోజులుండి రా, ఎవరొద్దన్నారు?" అన్నాడు త్రినాథ్.

పిల్లకి మళ్ళీ వచ్చిందని చెబితే పంపేవాడేమో. చెబితే అది బసవమ్మ చెవిన పడకుండా ఉండదు. మాధురి అన్నం కలుపుతూ ఉండిపోయింది.

మర్నాటినుంచి హారికకి పొడుగు చేతుల గౌను తొడిగింది. ఎండలో ఉడికిపోతున్న పిల్ల గుండీలు పీక్కుంటుంటే, "చాక్లెట్ కొనిపెడతా, విప్పకు తల్లీ," అని బతిమాలింది. డాక్టరు మాట తనకి తెలుసు. కారణం తెలుసు. తెలిసి కూడా దొంగతనం చేసినదానిలా పిల్ల చేతులు దాచింది. ఎందుకు దాస్తున్నావని తనని తను ఒక్కసారి అడిగి ఉంటే ఏం బదులు వచ్చేదో గాని, అడగలేదు.

బసవమ్మ ఆ గౌను వంక చూసింది. ఒకరోజు చూసింది, రెండు రోజులు చూసింది. "ఈ ఎండలో ఆ చేతులేంది పిల్లకి?" అనలేదు. ఆ ఒక్క మాట అంటుందేమోనని మాధురి రోజంతా చెవులు రిక్కించుకుని తిరిగేది. అంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేది. అనకపోయేసరికి తప్పించుకునే దారే లేకపోయింది.

త్రినాథ్ మొదటి లారీ కాయల వెనక మోటారుసైకిల్ మీద గుంటూరు యార్డుకి వెళ్ళిన రోజు, మధ్యాహ్నం నాలుగు గంటలప్పుడు హారిక ఏడుస్తూ వంటింట్లోకి వచ్చింది. తెల్ల గౌను మోచేతి దగ్గర రక్తంతో తడిసి ఉంది.

"మండుతోందమ్మా..."

మాధురి గబగబా గౌను చెయ్యి పైకి మడిచింది. చూడలేక మళ్ళీ కిందికి లాగింది. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో బసవమ్మ నిలబడి ఉంది. పళ్ళెంలో పసుపన్నం, పొట్టు తీసిన గుడ్డు. ఎప్పుడు ఉడికించిందో ఏమో.

"ఘాటు వల్ల అత్తయ్యా! గుంటూరు డాక్టరుగారు కూడా అదే అన్నారు. మిరపకాయల దుమ్ము పడటం లేదంట."

"అయ్యుండచ్చు."

"నిజంగానే అదే!"

"కాదని నేననలేదుగా." బసవమ్మ గొంతులో గెలిచిన సంబరం లేదు. "నేను తియ్యను. మాటిచ్చా. నువ్వన్నది నీకు గుర్తుంటే తియ్యి, లేకపోతే ఈ పళ్ళెం తీసుకుపోతా. నీ పిల్ల. నీ ఇష్టం." పళ్ళెం గట్టు మీద పెట్టింది. అక్కడే నిలబడింది.

హారిక వెక్కుతూ రెండో మోచెయ్యి కూడా గోక్కుంటోంది. మాధురి ఆ చేతిని పట్టుకుని ఆపింది. వదిలితే మళ్ళీ గోక్కుంది. ఒక్క ముద్ద, అనుకుంది మాధురి. ఒక్క ముద్దకి బూరె చచ్చిపోదు. పెట్టనందువల్ల ఇక్కడ ఏమైనా అయితే? ఏమీ కాదు. అయితే? డిగ్రీ చదివిన బుర్ర ఒక మూలనుంచి గట్టిగా అరుస్తూనే ఉంది. చేతులు మాత్రం గుడ్డు చిదిపి అన్నంలో కలిపాయి.

హారిక ఏడుపు ఆపి వింతగా చూసింది. మాధురి ముద్దని కూతురి తల మీదనుంచి పాదాల దాకా తిప్పింది. ఒకసారి. రెండుసార్లు. మాటలు తనకి రావు. మూడోసారి తిప్పుతుంటే బసవమ్మ వెనకనుంచి సన్నగా అందించింది, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి..." మాధురి వెంట పలికింది.

వాసన పట్టి బూరె పెరట్లోంచి పరిగెత్తుకొచ్చింది. గడప దగ్గర కూర్చుని, ఇన్నాళ్ళూ కంటికి కనపడని వస్తువు వంక మెడ చాచి చూసింది. మాధురి వంగి చెయ్యి చాపింది.

"అమ్మా! బూరెకి గుడ్డు పడదుగా?"

"ఈ ఒక్కసారికేనమ్మా."

"ఒక్క ముద్ద కూడా పెట్టకూడదని డాక్టరమ్మ చెప్పింది. పెడితే మళ్ళీ పుండ్లొస్తాయన్నావు. పుండ్లొస్తే నాన్న లారీ ఎక్కించేస్తాడు!"

"నువ్వు పక్కకి తప్పుకో హారికా."

హారిక తప్పుకోలేదు. బూరెకీ తల్లి చేతికీ మధ్యలోకి దూరింది. రెండు చేతులతో తల్లి మణికట్టు పట్టుకుని, ఆ ముద్ద మొత్తం లాక్కుని, బూరెకి అందకుండా నోట్లో కుక్కుకుంది.

వంటింట్లో కేక పుట్టింది. బసవమ్మ నోట్లోంచి కాదు. బసవమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కొయ్యబారిపోయి ఉంది. కేక పెట్టింది మాధురి. కూతుర్ని ఒడిసి పట్టుకుని, దవడలు నొక్కి, నోట్లో వేలు పెట్టి అన్నం మెతుకులు బయటికి లాగుతోంది.

"ఉమ్మెయ్! ఉమ్మెయ్యవే! మింగకు తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా, మింగకు!"

హారిక కళ్ళు పెద్దవి చేసి తల్లిని చూసింది. అమ్మ అంత భయపడటం ఎప్పుడూ చూడలేదు. ఆ భయానికే గుటక వేసింది.

మాధురి నేలమీద కూలబడిపోయింది. వేళ్ళకి పచ్చటి సొన, కూతురి ఎంగిలి. ఎదురుగా బసవమ్మ గోడ పట్టుకుని మెల్లగా చతికిలబడింది. కోడలి ముఖంలోకి చూసి, ఎన్నడూ కోడల్ని సలహా అడగని ఆ మనిషి, చిన్నపిల్లలా అడిగింది.

"ఇప్పుడేం చెయ్యాలమ్మాయ్?"

బయట రోడ్డు మీద మోటారుసైకిల్ ఆగింది. గేటు తీసిన చప్పుడైంది. యార్డులో రాత్రిదాకా పట్టాల్సిన పని త్రినాథ్‌కి అప్పుడే తెమిలినట్టుంది. హారిక తల్లి చేతుల్లోంచి జారి, ఒక్క ఉదుటున గుమ్మంలోకి పరిగెత్తింది.

"నాన్నా! నాన్నా! అమ్మ నాకు తిప్పిన ముద్ద బూరెకి పెట్టబోతే నేను తినేశా!"